మిక్సర్ మీద ఈక్యూ తిప్పితే లాప్‌టాప్‌లో ఏం రికార్డవుతుంది? హోమ్ స్టూడియో వాళ్ళకో పాఠం

మొన్నటి వేసవిలో ఊరెళ్ళినప్పుడు మా అమ్మమ్మ పాటలు రికార్డ్ చేశా. పెళ్ళి పాటలు, మంగళహారతులు, అన్నీ కలిపి పదకొండు. పక్కన మావయ్య హార్మోనియం. నా దగ్గరున్నవి ఒక చిన్న యూఎస్‌బీ మిక్సర్, రెండు మైకులు, లాప్‌టాప్. హెడ్‌ఫోన్స్‌లో అమ్మమ్మ గొంతు కాస్త మందంగా అనిపించి, మిక్సర్ మీద హై నాబ్‌ని బాగా పైకి తిప్పేశా. అక్కడ వింటుంటే భలే ఉంది.

ఇంటికొచ్చి ఫైల్ ఓపెన్ చేస్తే "స", "శ" వచ్చిన ప్రతిచోటా చెవిలో సూది గుచ్చినట్టుంది. సరే, సాఫ్ట్‌వేర్‌లో హై తగ్గిద్దాం అనుకుంటే, గొంతు, హార్మోనియం రెండూ ఒకే స్టీరియో ఫైల్‌లో కలిసిపోయి ఉన్నాయి. గొంతు సరిచేస్తే హార్మోనియం మీద దుప్పటి కప్పినట్టవుతోంది. డీ-ఎస్సర్ వేసినా అదే గోల. ఆవిడ వయసు 80 దాటింది, "అమ్మమ్మా, ఇంకోసారి మొత్తం పాడవా" అని అడగడం అంత తేలిక కాదు.

తప్పు మిక్సర్‌ది కాదు. సిగ్నల్ ఏ దారిలో వెళ్తోందో తెలుసుకోకుండా నాబ్ తిప్పడం నాది. కాబట్టి ముందు ఆ దారి చూద్దాం.

ఈక్యూకి ముందా, తర్వాతా?

అనలాగ్ మిక్సర్‌లో ఒక ఛానెల్ లోపల సిగ్నల్ దాదాపు ఇలా నడుస్తుంది: మైక్, గెయిన్, లో కట్, ఈక్యూ, లెవెల్ లేదా ఫేడర్, పాన్, చివరికి స్టీరియో మిక్స్. కంప్యూటర్‌కి వెళ్ళే తీగ ఇందులో ఎక్కడి నుంచి తీసుకున్నారన్నదే అసలు ప్రశ్న.

యమహా ఎంజీ10ఎక్స్‌యూ లాంటి చిన్న యూఎస్‌బీ మిక్సర్లు లాప్‌టాప్‌కి స్టీరియో మిక్స్ మాత్రమే పంపుతాయి. అంటే రెండే ట్రాకులు, ఈక్యూ కూడా అందులో అచ్చయిపోయి వస్తుంది. బాక్స్ మీద "10 ఛానెల్స్" అని చూసి పది ట్రాకులు వస్తాయనుకుని కొనేవాళ్ళు ఎంతమందో! టాస్కామ్ మోడల్ 24 దీనికి రివర్స్. అందులో ప్రతి ఛానెల్ విడి ట్రాక్‌గా రికార్డవుతుంది, కానీ ఆ ట్రాక్ ఈక్యూకి ముందే తీసుకుంటుంది. మీరు ఈక్యూ ఎంత తిప్పినా హెడ్‌ఫోన్స్‌లో మారుతుంది, ఫైల్‌లో మారదు. తర్వాత ప్లే చేసేటప్పుడు ఆ ట్రాకులు మళ్ళీ అదే ఈక్యూ గుండా వస్తాయి కాబట్టి మిక్సింగ్ అప్పుడు చేసుకోవచ్చు.

మీ మిక్సర్ ఏ రకమో తెలియకపోతే మాన్యువల్ చివరి పేజీల్లో బ్లాక్ డయాగ్రమ్ ఉంటుంది, చూడండి. అంత ఓపిక లేదా? మైక్ ముందు పది సెకన్లు మాట్లాడుతూ లో నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పుతూ రికార్డ్ చేయండి. ప్లే చేసినప్పుడు గొంతు మారుతూ వినిపిస్తే ఈక్యూ ఫైల్‌లోకి వెళ్తోందన్నమాట. నేను ఆ రోజు చేయని పని ఇదే.

రెండు ట్రాకులే ఉంటే పాన్ నాబ్ వాడండి

స్టీరియో యూఎస్‌బీ మిక్సర్ ఉన్నవాళ్ళు కొత్తది కొనక్కర్లేదు. గొంతు మైక్ పాన్ పూర్తిగా ఎడమకి, హార్మోనియం మైక్ పాన్ పూర్తిగా కుడికి తిప్పండి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక స్టీరియో ట్రాక్ బదులు రెండు మోనో ట్రాకులు పెట్టి, ఒకదానికి ఇన్‌పుట్ 1, రెండోదానికి ఇన్‌పుట్ 2 ఇవ్వండి. ఇప్పుడు రెండూ విడివిడిగా వస్తాయి. అయితే మిక్సర్‌లోని రివర్బ్ ఎఫెక్ట్ పూర్తిగా సున్నాలో ఉండాలి, లేదంటే అది రెండు వైపులా పాకి అంతా కలిపేస్తుంది. మైకుల మధ్య దూరం కూడా చూసుకోండి. గొంతుకి మైక్ 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, రెండో మైక్ దానికి కనీసం 60 సెంటీమీటర్ల అవతల ఉండాలి. లేకపోతే పేరుకే రెండు ట్రాకులు.

ఒక ట్రాక్ మీద ఇంకోటి ఓవర్‌డబ్ చేసేటప్పుడు లాప్‌టాప్ నుంచి వచ్చే పాత పాట మిక్సర్ స్టీరియో మిక్స్‌లోకి వెళ్ళి కొత్త ట్రాక్‌లో మళ్ళీ రికార్డవుతుంది. యూఎస్‌బీ ప్లేబ్యాక్‌ని మానిటర్‌కి మాత్రమే పంపే స్విచ్ చాలా మిక్సర్లలో ఉంటుంది, అది వాడండి.

రికార్డ్ చేసేటప్పుడు ఎంత ఈక్యూ?

నా అభిప్రాయం సూటిగా చెప్తా: తగ్గించండి, పెంచకండి. చిన్న మిక్సర్ల ఈక్యూ సాధారణంగా లో 80 లేదా 100 హెర్ట్జ్, మిడ్ 2.5 కిలోహెర్ట్జ్, హై 10 లేదా 12 కిలోహెర్ట్జ్ దగ్గర, ప్లస్ మైనస్ 15 డీబీ వరకు ఉంటుంది. 15 డీబీ అంటే ఆ ఫ్రీక్వెన్సీలో వోల్టేజ్ దాదాపు 5.6 రెట్లు. హై అంత పెంచితే గొంతుతో పాటు ఫ్యాన్ హోరు, మిక్సర్ సొంత హిస్ కూడా అంతే పెరుగుతాయి.

లో కట్ స్విచ్ మాత్రం గొంతుకి నిశ్చింతగా నొక్కేయండి. బల్ల అదురు, ఫ్యాన్ గాలి, "ప", "భ" దగ్గర వచ్చే ఊపిరి దెబ్బ చాలావరకు అక్కడే ఆగిపోతాయి. మృదంగం, తబలా డగ్గా, బేస్ గిటార్‌కి వద్దు. మిగతా నాబ్‌లు మధ్యలో ఉంచి, మరీ అవసరమైతే 2, 3 డీబీ కదపండి. గొంతు మందంగా ఉంటే ముందు మైక్‌ని జరపండి, అది ఖర్చులేని ఈక్యూ.

ఇంకో మాట. ఈక్యూ గెయిన్ తర్వాత వస్తుంది కాబట్టి, ఈక్యూ పెంచాక లెవెల్ మళ్ళీ చెక్ చేయాలి. 24 బిట్‌లో రికార్డ్ చేస్తూ పీక్‌లు మైనస్ 12 డీబీ చుట్టుపక్కల ఉంటే చాలు. స్పేస్ గురించి భయపడకండి, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి 8.64 ఎంబీ మాత్రమే.

శుభ్రంగా రికార్డ్ చేసి, తర్వాత అనలాగ్ గుండా పంపడం

అనలాగ్ ఈక్యూ రంగు నచ్చేవాళ్ళకి ఇది మంచి దారి. ముందు ఈక్యూ లేకుండా రికార్డ్ చేస్తారు. తర్వాత ఆ ట్రాక్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్ అదనపు అవుట్‌పుట్ నుంచి మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కి పంపి, నాబ్‌లు తిప్పి, మిక్సర్ అవుట్‌పుట్‌ని ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌లోకి (మైక్ ఇన్‌పుట్‌లోకి కాదు) తెచ్చి కొత్త ట్రాక్‌గా రికార్డ్ చేస్తారు. పాతది చెక్కుచెదరదు. దీనికి కనీసం నాలుగు అవుట్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ ఉంటే హాయి.

ఇక్కడ రెండు చిక్కులు. వెనక్కి వచ్చిన ట్రాక్ కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, పాతదానితో కలిపి వింటే గొంతు డొల్లగా అనిపిస్తుంది. రీపర్ వాడేవాళ్ళకి రీఇన్సర్ట్ అనే ప్లగిన్ ఒక పింగ్ పంపి ఆ ఆలస్యాన్ని కొలిచి సరిచేస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్ అయితే ట్రాక్ ముందు ఒక క్లిక్ పెట్టి, రెండు క్లిక్‌లు కలిసేదాకా చేత్తో జరపండి. రెండోది, కొత్త ట్రాక్‌కి సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ ఆఫ్‌లో ఉంచండి. వచ్చిన సౌండ్ మళ్ళీ అదే అవుట్‌పుట్‌కి వెళ్తే లూప్ ఏర్పడి, ఆ కూతకి ముందు హెడ్‌ఫోన్స్, తర్వాత చెవులు పోతాయి.

నిజానికి సాఫ్ట్‌వేర్‌లో వచ్చే ఈక్యూ చౌక మిక్సర్ ఈక్యూ కంటే శుభ్రంగా ఉంటుంది, రేపు తెరిచినా సెట్టింగ్ అలాగే ఉంటుంది. మిక్సర్ గొప్పతనం వేరు: ఆలస్యం లేకుండా వినొచ్చు, చేత్తో తిప్పుతూ చెవితో నిర్ణయించుకోవచ్చు. సేవ్ బటన్ లేదు కాబట్టి, ప్రతి సెషన్ అయ్యాక నాబ్‌లన్నీ కనిపించేలా ఫోన్‌తో ఒక ఫోటో తీసి, పాట ఫోల్డర్‌లోనే పెట్టుకోండి.

సంక్రాంతికి మళ్ళీ ఊరెళ్ళా. ఈసారి పాన్ ఎడమా కుడీ, లో కట్ ఆన్, మిగతా నాబ్‌లన్నీ మధ్యలో. అమ్మమ్మ ఏడు పాటలు పాడి ఆయాసమొచ్చి ఆగిపోయింది. మిగిలిన నాలుగూ ఆ పాత ఫైల్‌లోనే ఉన్నాయి.