కంప్యూటర్ శిక్షణలో దొంగ కాపీలు వద్దు – ‘జింప్’ నేర్పుదాం



పదో తరగతితోనో, ఇంటర్‌తోనో చదువు ఆగిపోయిన పిల్లలకు ఉపాధి అనగానే మనకు మొదట గుర్తుకొచ్చేవి కుట్టుమిషన్, మెకానిక్ షెడ్డు. కొన్నేళ్లుగా వాటి పక్కన కంప్యూటర్ కూడా చేరింది. డి.టి.పి., ఫోటో ఎడిటింగ్ నేర్చిన పిల్లలకు ఫోటో స్టూడియోల్లో, ఫ్లెక్సీ షాపుల్లో, శుభలేఖలు వేసే ప్రెస్సుల్లో పని దొరుకుతోంది. ఇంట్లో కూర్చుని కూడా చేసుకోవచ్చు కాబట్టి ఆడపిల్లల తల్లిదండ్రులూ ఇష్టపడుతున్నారు. దాతలు పెద్ద మనసుతో కంప్యూటర్లు ఇస్తున్నారు. అయితే ఆ కంప్యూటర్లలో ఏ సాఫ్ట్‌వేర్ వేస్తున్నారని మనలో ఎంతమందిమి అడిగాం?

కొన్నేళ్ల క్రితం ఒక శిక్షణ కేంద్రం చూడటానికి వెళ్లాను. అన్ని కంప్యూటర్లలోనూ ఫోటోషాప్ ఉంది. కొన్నది ఒక్కటీ లేదు. అడిగితే, “అందరూ ఇలాగే వాడతారు సార్” అన్నాడు నేర్పే అబ్బాయి. కొన్ని నెలలకు ఆ దొంగ కాపీతో పాటు వచ్చిన వైరస్ వల్ల పిల్లలు చేసుకున్న పనంతా పోయింది. పని పోయినందుకు కన్నా నాకు మరో విషయానికి ఎక్కువ బాధ కలిగింది. హలాల్ సంపాదన కోసం విద్య నేర్పుతున్నాం. మొదటి పాఠంలోనే పరాయివాళ్ల వస్తువు అడగకుండా వాడుకోవచ్చని చూపిస్తున్నాం. దాత ఇచ్చిన సొమ్ము మన దగ్గర అమానత్. దాన్ని ఇలా ఖర్చు పెట్టవచ్చా?

చట్టం ఏమంటోంది?

ఫోటోషాప్ 1990లో మార్కెట్లోకి వచ్చింది. అది మంచి సాఫ్ట్‌వేర్, అందులో సందేహం లేదు. 2013లో దాన్ని తయారుచేసే అడోబీ సంస్థ, కొత్త వెర్షన్లను ఒకసారి కొనుక్కునే పద్ధతి ఆపి, చందా పద్ధతి తెచ్చింది. అంటే చందా కట్టినన్నాళ్లే అది మనది. ఇరవై కంప్యూటర్లున్న కేంద్రానికి ఇది తీరని ఖర్చు. అందుకే చాలామంది దొంగ కాపీ వైపు వెళ్తున్నారు.

మన దేశపు కాపీరైట్ చట్టం, 1957లో 63బి సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, రూ.50,000 నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా పడవచ్చు. లాభం కోసం, వ్యాపారం కోసం కాకపోతే జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు ఉంది. కానీ రేపు మన పిల్ల షాపు పెట్టుకుంటే ఆమెది వ్యాపారమే కదా!

జింప్ అంటే ఏమిటి?

1995లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో చదువుతున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు దీన్ని మొదలుపెట్టారు. 1996లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవారు దాన్ని పెంచుకుంటూ వచ్చారు. 2025 మార్చిలో 3.0 వెర్షన్ విడుదలైంది. విండోస్, లినక్స్, మ్యాక్ అన్నిటిలోనూ పనిచేస్తుంది.

దీని లైసెన్సు పేరు జి.పి.ఎల్. మనకు తెలిసిన పోలికతో చెబుతాను. ఒకాయన బావి తవ్వించి వక్ఫ్ చేశాడనుకోండి. ఎవరైనా నీళ్లు తోడుకోవచ్చు, కానీ ఎవరూ దాని చుట్టూ గోడ కట్టి నాది అనకూడదు. జి.పి.ఎల్. కూడా దాదాపు ఇంతే. ఎవరైనా వాడవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మార్చి పంచేవారు మాత్రం అవే హక్కులు ఎదుటివారికీ ఇవ్వాలి. కాబట్టి ఒక్క పెన్‌డ్రైవ్‌తో ఇరవై కంప్యూటర్లలో వేసుకున్నా, పిల్లలు ఇంటికి తీసుకెళ్లినా తప్పు లేదు.

ఒక చిన్న పాఠం

స్కాలర్‌షిప్ దరఖాస్తుల కాలంలో ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. “ఫోటో సైజు ఎక్కువుందని తీసుకోవడం లేదు సార్. నెట్ సెంటర్‌కి రెండుసార్లు డబ్బులిచ్చాను” అంది. జింప్‌లో ఆ పని పది నిమిషాల్లో నేర్పాను.

1. ఫోటో తెరిచి క్రాప్ టూల్ తీసుకోవాలి. ‘ఫిక్స్‌డ్’ దగ్గర టిక్ పెట్టి, యాస్పెక్ట్ రేషియో 35:45 ఇవ్వాలి. ముఖం మధ్యలో వచ్చేలా గీసి ఎంటర్ నొక్కాలి.
2. ‘ఇమేజ్’ మెనూలో ‘స్కేల్ ఇమేజ్’ తెరిచి వెడల్పు 413, ఎత్తు 531 పిక్సెల్స్, రిజల్యూషన్ 300 పెట్టాలి. ఇది 35 × 45 మిల్లీమీటర్ల ఫోటో. దరఖాస్తులో వేరే కొలత అడిగితే దాన్నే ఇవ్వాలి.
3. ‘ఫైల్’ మెనూలో ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’ ఎంచుకుని, పేరు చివర .జేపీజీ అని ఇవ్వాలి. ‘సేవ్’ నొక్కితే జింప్ సొంత ఫైలు వస్తుంది, దరఖాస్తులో అది ఎక్కదు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.
4. క్వాలిటీ అంకె తగ్గిస్తూ పోతే ఫైలు చిన్నదవుతుంది. ప్రివ్యూ దగ్గర టిక్ పెడితే ఎన్ని కేబీలో అక్కడే కనిపిస్తుంది. 50 కేబీ అడిగితే దానికి లోపు వచ్చేదాకా తగ్గించాలి.

మరుసటి వారానికి ఆ అమ్మాయి తన వీధిలో మరో నలుగురి ఫోటోలు సరిచేసి పెట్టింది.

లోటుపాట్లు కూడా చెప్పాలి

జింప్ అన్నిటికీ మందు కాదు. ప్రెస్సులో నాలుగు రంగుల అచ్చుకు కావలసిన సి.ఎం.వై.కె. పద్ధతిలో నేరుగా పని చేయడానికి ఇది ఫోటోషాప్ అంత అనువుగా ఉండదు. ఫోటోషాప్ ఫైళ్లు తెరుచుకుంటాయి కానీ కొన్ని మార్పులు ఉన్నవి ఉన్నట్టు రావు. మన ప్రెస్సుల్లో వాడే అను ఫాంట్లు యూనికోడ్‌వి కావు, అందుకని వాటి మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. యూనికోడ్ ఫాంట్లతో అయితే తెలుగు, ఉర్దూ రెండూ చక్కగా వస్తాయి. మండలి, రామరాజ వంటి తెలుగు ఫాంట్లు, ఉర్దూకి నోటో నస్తాలీఖ్ ఉచితంగానే దొరుకుతున్నాయి. లోగోలకు ఇంక్‌స్కేప్, పుస్తకం పేజీలకు స్క్రైబస్ ఉన్నాయి. అవీ ఇదే కోవకు చెందినవి.

“షాపులో ఫోటోషాప్ అడుగుతారు కదా?” అని తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. లేయర్, మాస్క్, రిజల్యూషన్, రంగుల సర్దుబాటు – అసలు విద్య ఇది. ఇది జింప్‌లో వచ్చిన పిల్లకు ఫోటోషాప్‌లో బటన్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడమే మిగులుతుంది. షాపు యజమాని లైసెన్సు కొని ఉంటే, కొన్నాళ్లు అలవాటు చేసుకుని అందులోనే నిశ్చింతగా పని చేసుకుంటుంది.

దాతలకు మూడు విన్నపాలు

కంప్యూటర్ ఇచ్చేటప్పుడు అందులో ఏ సాఫ్ట్‌వేర్ వేస్తారని తప్పకుండా అడగండి. లైసెన్సుకు పోవలసిన సొమ్మును నేర్పేవారి జీతానికి, ఒక మంచి స్కానర్‌కు కేటాయించండి. మీ ఇంటి శుభలేఖో, మీ దుకాణం బోర్డో ఈ పిల్లల చేత వేయించి, పనికి తగిన కూలి ఇవ్వండి. ఆ కూలి వారికి సర్టిఫికెట్ కన్నా విలువైనది.

ఉపయోగపడే విద్య నేర్పడం సదఖా జారియా. అది మొదటి అడుగు నుంచీ శుభ్రంగా ఉండాలి. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక, మన పిల్లల చేతిపనిలో బర్కత్ ఇచ్చుగాక. ఆమీన్.