పేర్చుట – చెక్కుట

విద్యార్థులారా! వస్తువును తయారుచేయు మార్గములలో రెండింటిని చూతము. మొదటిది, దిమ్మెనుండి అక్కరలేని భాగమును తొలగించుట. రాతిని చెక్కు శిల్పియు, లేత్ మీద ఇనుపకడ్డీని కోయు టర్నరును ఈ మార్గమునే అనుసరింతురు. రెండవది, పదార్థమును పొరపై పొరగా పేర్చుట. ఇంట జంతికల గొట్టమునుండి పిండిని వత్తి చుట్టలు చుట్టుట మీరు చూచియే యుందురు. ఆ గొట్టమును మరచేతికిచ్చి, చుట్టపై చుట్టగా వత్తించినచో గోడయే లేచును. దీనినే త్రీడీ ముద్రణ యందురు. ఈ రెండు మార్గములను జోడించు విధానమును ఈ పాఠమున వివరింతుము.

2021 ఏప్రిల్‌లో, మన మైలాపూరునకు చేరువనున్న మదరాసు ఐ.ఐ.టి. ఆవరణలో, 600 చదరపు అడుగుల ఇల్లొకటి ప్రారంభింపబడినది. ఆ సంస్థ పూర్వవిద్యార్థులు స్థాపించిన త్వస్త అను కంపెనీ కాంక్రీటును ఈ రీతిని పొరలుగా పోసి దానిని నిర్మించినది. తెలంగాణములో సిద్దిపేట చెంతనున్న బూరుగుపల్లిలో 2023లో ఇట్టి ముద్రణతోనే ఒక దేవాలయము వెలసినది.

గోడపై పొరల గీతలున్నను బాధలేదు. కాని రెండు భాగములు బిగువుగా అతుకవలసిన యంత్రములో ఆ గీతలు పనికిరావు. పేర్చిన వస్తువునకు లోపములు మూడు కలవు. పొరల అంచులు మెట్లవలె నిలుచును. వేడిగా వత్తిన ప్లాస్టిక్ చల్లారునపుడు కుంచించుకొని వంకరపోవును. ఇక మరచేతి సంగతి: బరువు పట్టి చాచిన మన చేయి కొంచెము వంగును గదా! అట్లే పొడవైన మరచేయియు వంగి, కొలత తప్పును.

కావున మొదట వస్తువును కావలసిన దానికంటె కొంత మందముగా పేర్చి, పిమ్మట కోతయంత్రముతో చిత్రిక పట్టుదురు. 2014లో చికాగో ప్రదర్శనశాలలో స్ట్రాటి యను కారు దేహమును ఇట్లే చేసిరి. కర్బన నారలు కలిపిన ప్లాస్టిక్‌ను 44 గంటలు పొరలుగా పేర్చి, తరువాత కోతయంత్రముతో నునుపుచేసిరి.

ఎంత మందము ఎక్కువ ఉంచవలెను? ఒక లెక్క చేయుదము. పలక 20 మిల్లీమీటర్ల మందముండవలెను. పొరల మెట్లు 1 మి.మీ., వంకర 1.5 మి.మీ. అనుకొందము. ఒక్కొక్క ముఖమునకు 2.5 మి.మీ. చాలును, జాగ్రత్తకై 3 ఉంచుదుము. రెండు ముఖములకు 6. అనగా 26 మి.మీ. పేర్చవలెను. తక్కువైనచో ఉలికి పదార్థమే అందదు. పల్లము పల్లముగనే మిగులును. ఎక్కువైనచో కాలమును, పదార్థమును వృథా. కోతకు ముందు వస్తువు బల్లపై సరిగా ఎచ్చట నున్నదో కొలిచి తెలిసికొనుటయు ముఖ్యమే. ఆ కొలత తప్పినచో ఒకవైపు లోతుగా తెగి, రెండవవైపు గరుకుగా మిగులును.

లాభమేమి? 10 కిలోల వస్తువును 100 కిలోల దిమ్మెనుండి చెక్కినచో 90 కిలోలు పొట్టగును. 13 కిలోలు పేర్చి చెక్కినచో పొట్టు 3 కిలోలే.

తల్లిదండ్రులకొక మాట. మర వచ్చినది గదా, ఇక ఫిట్టరు, టర్నరు విద్యలేల యని కొందరు మమ్మడుగుచున్నారు. పేర్చుట మర చేయును. ఎంత ఉంచవలెను, ఎచ్చట పట్టవలెను, ఎచ్చట కోయవలెను అని నిర్ణయించుటకు కొలత తెలిసిన మనిషి కావలెను. గిండీ, అంబత్తూరు పారిశ్రామిక వాడలలో మీరు నేర్చిన విద్య వ్యర్థము కాలేదు. దానిపై క్రొత్త పొర చేరినది. బిడ్డలకు దానిని ఇంటిభాషలోనే చెప్పుడు. విషయమును తెలుగున గ్రహించిన బిడ్డ దానిని తమిళమునను, ఆంగ్లమునను చెప్పుటకు మాటలను మాత్రమే వెదకుకొనును, అర్థమును వెదకుకొననక్కరలేదు.

అభ్యాసము

1. పేర్చిన వస్తువునకు కలుగు మూడు లోపములెవ్వి?
2. పలక 35 మి.మీ. ఉండవలెను. మెట్లు 2 మి.మీ., వంకర 1.5 మి.మీ. జాగ్రత్తకై ముఖమునకు అర మి.మీ. చేర్చి, ఎంత మందము పేర్చవలెనో లెక్కింపుడు.
3. మీ ఇంటివారి వృత్తిలో పేర్చు పనులను, చెక్కు పనులను వేరువేరుగా వ్రాయుడు.