కుర్చీ ఎవరి సొత్తు?



ఆఫీసులో కొత్తగా చేరిన ఉద్యోగి ఖాళీ కుర్చీ చూసి కూర్చుంటాడు. అంతలో పాత ఉద్యోగి వచ్చి “అది నా సీటు, లేవండి” అంటాడు. నిజానికి ఆ కుర్చీ ఇద్దరిదీ కాదు, ఆఫీసుది. అయినా ఆ రోజు నుండి ఇద్దరికీ మాటలుండవు. మరి న్యాయం ఎవరి పక్షాన ఉంది?

గ్రాహం బ్రౌన్, థామస్ లారెన్స్, శాండ్రా రాబిన్సన్ అనే పరిశోధకులు 2005లో ఈ ధోరణిపై ఒక వ్యాసం ప్రచురించారు. ఉద్యోగి ముందు తన హద్దును చాటుకుంటాడు, తర్వాత ఇతరులు అందులోకి రాకుండా కాపాడుకుంటాడు. ఈ హద్దులు బల్లకే పరిమితం కావు. చేసే పని, ఆలోచనలు, బాధ్యతల చుట్టూ కూడా ఉంటాయని వారు వివరించారు.

ఈ విషయంలో ఇస్లాం మూడు మర్యాదలు నేర్పింది.

మొదటిది: లేచి వెళ్ళి తిరిగి వచ్చినవారికే ఆ చోటుపై ఎక్కువ హక్కు ఉందని దైవప్రవక్త (స) తెలిపారు (సహీహ్ ముస్లిం). కనుక నమాజుకో, మంచినీళ్ళకో లేచినవారి సీటు ఆక్రమించరాదు. యాజమాన్యం కేటాయించిన సీటునూ ఇలాగే గౌరవించాలి.

రెండవది: కూర్చున్నవారిని లేపి తాను కూర్చోరాదని ప్రవక్త (స) వారించారు (బుఖారీ, ముస్లిం). ఈ హదీసును ఉల్లేఖించిన హజ్రత్ ఇబ్ను ఉమర్ (రజి), ఎవరైనా తన కోసం లేచినా ఆ చోట కూర్చునేవారు కాదు. కేవలం అలవాటు వల్ల “నాది” అనేవారు, హోదా చూపి లేపేవారు దీన్ని గమనించాలి.

మూడవది: సభల్లో చోటు కల్పించమన్నప్పుడు కల్పించాలని, అలా చేసేవారికి అల్లాహ్ విశాలత ప్రసాదిస్తాడని దివ్య ఖుర్ఆన్ (58:11) బోధిస్తోంది. హక్కు ఉన్నవాడు కూడా కాస్త జరిగి కూర్చోవడమే ఔదార్యం.

అయితే కుర్చీ తగాదా చిన్నది. ఫైలు దాచడం, బీరువా తాళం తనవద్దే ఉంచుకోవడం, తన ప్రాముఖ్యం తగ్గుతుందని కొత్తవారికి పని నేర్పకపోవడం పెద్ద తప్పులు. ‘అతను సెలవులో ఉన్నాడు, రేపు రండి’ అన్న మాట విని తిరిగి వెళ్ళేది పింఛను కోసం వచ్చిన వితంతువు కావచ్చు. అమానతులను హక్కుదారులకు అప్పగించమన్నది అల్లాహ్ ఆజ్ఞ (4:58). ఆ ఫైలు మన సొత్తు కాదు, ఆమె అమానతు.

పదవీ విరమణ రోజున కుర్చీ అక్కడే ఉండిపోతుంది. దానిలో కూర్చుని చేసిన పనికి మాత్రం లెక్క చెప్పుకోవాలి. రేపు ఆఫీసుకు వెళ్ళగానే కొత్తవారికి ఒక్క పనైనా నేర్పుదాం.

అల్లాహ్ మన మనసులను విశాలం చేయుగాక! ఆమీన్.