లింగంపల్లి దాటకముందే ఫోన్ పని

జూలై వచ్చిందంటే లింగంపల్లి, నల్లగండ్ల, చందానగర్ అపార్ట్‌మెంట్లలో విదేశాలకు వెళ్లేవారి సూట్‌కేసుల తూకాలు మొదలవుతాయి. ఆవకాయ డబ్బా కారకుండా ఎలా చుట్టాలో ఇంటిల్లిపాదీ ఆలోచిస్తారు. ఫోన్ సంగతి మాత్రం ‘అక్కడికెళ్లాక చూసుకోవచ్చులే’ అంటారు. ఆ వరస మార్చమని నా మనవి. ప్రెషర్ కుక్కర్ డాలస్‌లోనూ దొరుకుతుంది. ఇండియా నంబరు పోతే దాన్ని డాలస్‌లో కూర్చుని తిరిగి తెచ్చుకోవడం మహా కష్టం.

మీ బ్యాంకు ఖాతా, ఆధార్, పీఎఫ్, ఆదాయపన్ను, చదువుకు తీసుకున్న లోను, అన్నిటి ఓటీపీలూ ఆ నంబరుకే వస్తాయి. బ్యాలెన్స్ లేని ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు వాడకపోతే కంపెనీ తీసేయవచ్చు. కొన్నాళ్లకు అది వేరొకరి చేతికి వెళ్తుంది. కాబట్టి సిమ్ ఎవరి పేరున ఉందో ముందు చూడండి. ఇంటర్‌లో ఉన్నప్పుడు నాన్న పేరున తీసుకున్న సిమ్మునే ఇంకా వాడుతున్నవాళ్లు ఎందరో. దాన్ని మీ పేరుకు మార్పించుకోవడం, ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించడం ఇక్కడ ఒక పూట పని. విమానం దిగాక ఆ సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేసి ఉంచండి. మెసేజ్ వచ్చినందుకు మామూలుగా డబ్బు పడదు, కాల్ ఎత్తితే మాత్రం బాగానే పడుతుంది.

కొందరు సిమ్‌ను అమ్మ దగ్గర వదిలి వెళ్తారు. దయచేసి ఆ పని చేయకండి. అర్ధరాత్రి లేపి ఓటీపీ అడగడం ఒక్కటే కాదు నా అభ్యంతరం. ఫోన్‌లో ఎవరైనా అడిగితే ఓటీపీ చదివి చెప్పడం ఆవిడకు అలవాటవుతుంది. సైబర్ మోసగాడికి కావాల్సింది సరిగ్గా ఆ అలవాటే.

బ్యాంకుకు కూడా చెప్పి వెళ్లండి. విదేశంలో స్థిరపడినవారి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్చుకోవాలన్నది నిబంధన. మార్చుకుంటే ఒక లాభమూ ఉంది. 2023 జనవరిలో ఎన్‌పీసీఐ పది దేశాల నంబర్లతోనే యూపీఐ వాడుకునే వీలు ఎన్ఆర్ఐ ఖాతాలకు ఇచ్చింది. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్, హాంకాంగ్ ఆ పది. మనవాళ్లు చాలామంది చదువుకు వెళ్తున్న జర్మనీ అందులో లేదు.

ఇక ఫోన్. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లో, ఆస్ట్రేలియాలో 2024లో 3జీ ఆపేశాయి. అక్కడి నెట్‌వర్క్ మీద వోల్టీ (4జీ మీదుగా కాల్) పనిచేయని పాత ఫోన్‌లో వైఫై వస్తుంది, వాట్సాప్ వస్తుంది, మామూలు కాల్ మాత్రం వెళ్లదు. అత్యవసరానికి 911 గానీ 000 గానీ నొక్కాల్సివచ్చినప్పుడు ఆ తేడా ప్రాణం మీదికి వస్తుంది. *#06# నొక్కితే కనిపించే ఐఎంఈఐ నంబరును అక్కడి కంపెనీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. అదే నంబరు కాగితం మీద రాసి ఇంట్లోనూ ఉంచండి. రేపు నాన్నకు అమెరికా నుంచి ఐఫోన్ తేవాలనుకుంటే, 14 మోడల్ నుంచి అక్కడ అమ్మేవాటికి సిమ్ పెట్టే చోటే లేదు, ఈసిమ్ ఒక్కటే గతి.

లాప్‌టాప్ చార్జర్ మీద ‘100–240’ అని ఉంటే ఏ దేశంలోనైనా నడుస్తుంది, ప్లగ్ ఆకారమే వేరు. ఎడాప్టర్ కోసం లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగితే పార్క్‌లేన్‌లోని సీటీసీలో దొరుకుతుంది. అమెరికాకైతే రెండు చదును పిన్నులది, బ్రిటన్‌కైతే మూడు మందపాటి పిన్నులది. మిక్సీని మాత్రం ఎడాప్టర్ కాపాడలేదు. మన 230 వోల్టుల మోటారు అమెరికాలోని 120కి సరిగా తిరగదు.

పవర్‌బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. సరుకుల అరలో లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడానికి మనిషి చేరలేడు, అందుకే ఆ నియమం. 100 వాట్-అవర్ల దాకా అడ్డులేదు. 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్-అవర్లు, 27,000 దాటితే హద్దు మీద ఉన్నట్టే.

హైటెక్ సిటీ నుంచి ఆన్‌సైట్ వెళ్లేవారికి ఒక మాట. కంపెనీ లాప్‌టాప్ తీసుకెళ్లడానికి రాతపూర్వక అనుమతి తీసుకోండి. అమెరికా సరిహద్దు అధికారులకు ఫోన్లు, లాప్‌టాప్‌లు తెరిచి చూసే అధికారం ఉంది. క్లయింటు ఫైళ్లలో ప్రయాణానికి అక్కర్లేనివి అందులో ఉంచుకోవద్దు.

అమ్మానాన్నల ఫోన్‌కూ ఒక సాయంత్రం కేటాయించండి. దుబాయ్ వెళ్లేవారైతే అక్కడ వాట్సాప్ కాల్స్ సాగవు కనుక అనుమతి ఉన్న యాప్ ఏదో చూసి వాళ్ల ఫోన్‌లో పెట్టి, ఒకసారి చేసి చూపించండి. ‘నన్ను పోలీసులు పట్టుకున్నారు, వెంటనే డబ్బు పంపండి’ అంటూ మీ గొంతును అనుకరించి మోసగాడు వాళ్లకు ఫోన్ చేయవచ్చు. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియని ప్రశ్న ఒకటి ముందే అనుకోండి. దానికి జవాబు రాకపోతే ఫోన్ పెట్టేసి మీ నంబరుకు తామే చేయాలని, మీరు ఎత్తకపోతే మీ రూమ్‌మేట్‌కు చేయాలని చెప్పండి. ఆ రూమ్‌మేట్ నంబరు వాళ్ల ఫోన్‌లో మీరే ఎక్కించి వెళ్లండి.