ఫోన్‌లో టైమ్ జోన్ డేటా ఎంత పాతదో చూశారా?

జగిత్యాల, నిర్మల్ నుంచి దుబాయ్ పోయినవాళ్ల ఇళ్లల్లో ఈ తిప్పలు ఉండవు. ఏడాదంతా గంటన్నర తేడానే. అమెరికా, ఇజ్రాయెల్‌ల సంగతి వేరు. డల్లాస్‌కి మనకి ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర.

ఈ లెక్కలన్నీ ఫోన్‌లో టీజెడ్‌డేటా అనే చిన్న ప్యాకేజీలో ఉంటాయి. ఇంటర్నెట్ నుంచి సరైన టైమ్ వచ్చినా, దాన్ని లోకల్ టైమ్‌గా మార్చేది ఇదే. ఏ దేశమైనా రూల్ మారిస్తే దీనికి కొత్త వెర్షన్ రావాల్సిందే. 2013 జులైలో ఇజ్రాయెల్ తన వేసవి టైమ్‌ని అక్టోబర్ చివరి ఆదివారం దాకా పొడిగించింది. పాత డేటా ప్రకారం మాత్రం అక్టోబర్ 6నే గంట వెనక్కి జరపాలి. అలాంటి ఫోన్‌లో అలారం గంట లేటు! డ్యూటీకి పోయేవాళ్లకి అది చిన్న విషయమా?

ఆండ్రాయిడ్ 10 నుంచి చాలా ఫోన్లలో ఓఎస్ అప్‌డేట్ రాకున్నా ఇది గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్‌తో వస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ పేరుతో వెతికి తేదీ చూడండి. రివ్యూకి వచ్చిన ఫోన్‌లో కెమెరా కన్నా ముందు నేను చూసేది అదే.

యాప్‌లు రాసేవాళ్లు ‘ఏషియా/జెరూసలేం’ లాంటి జోన్ పేరే సేవ్ చేయండి. ‘మూడు గంటలు కలుపు’ అని కోడ్‌లో రాసేస్తే ఏ అప్‌డేటూ దాన్ని సరిచేయదు.