ఇంజెక్షన్‌కు లొంగని ప్రోస్టేట్ క్యాన్సర్

ప్రశ్న: మా నాన్నగారికి 70 ఏళ్లు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందన్నారు. హార్మోన్ ఇంజెక్షన్ వేయిస్తున్నా పీఎస్‌ఏ మళ్లీ పెరుగుతోంది. కొత్త చికిత్సలు ఉన్నాయా?
– ఒక పాఠకుడు, గిద్దలూరు

జవాబు: ఉన్నాయి. హార్మోన్ ఇంజెక్షన్ పని టెస్టోస్టిరాన్‌ను తగ్గించడం కాబట్టి ముందు టెస్టోస్టిరాన్ పరీక్ష చేయించండి. అది డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉండి కూడా పీఎస్‌ఏ పెరుగుతుంటేనే జబ్బు మొండికేసినట్టు. ఇంజెక్షన్ తేదీ దాటిపోయినా పీఎస్‌ఏ పెరగొచ్చు.

మరో మాట. మార్కాపురం, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారి ఎముకలు ఎక్స్‌రేలో, బోన్ స్కాన్‌లో క్యాన్సర్ పాకినట్టే కనిపించవచ్చు. మీ ఊరి నీళ్ల సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. ఆయన అడగకపోవచ్చు. పీఎస్‌ఎంఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఉండే ప్రొటీన్) పెట్ స్కాన్‌తో చాలావరకు స్పష్టత వస్తుంది.

మొండికేసినా పాత ఇంజెక్షన్ ఆపరు. దానికి తోడుగా ఎంజాలుటమైడ్, లేదా ప్రెడ్నిసలోన్‌తో కలిపి అబిరాటెరోన్ ఇస్తారు. అబిరాటెరోన్ పూర్తి మోతాదు పరగడుపునే వేసుకోవాలి. అన్నం మీద వేసుకుంటే మందు ఒంట్లోకి అతిగా చేరుతుంది. బీపీ, పొటాషియం, లివర్ పరీక్షలు తప్పవు. తర్వాతి మెట్టు డోసిటాక్సెల్ కీమో. బీఆర్‌సీఏ జన్యులోపం ఉంటే ఒలాపరిబ్ మాత్రలు పనిచేస్తాయి.

వీటికన్నా కొత్తది లుటీషియం-177 పీఎస్‌ఎంఏ చికిత్స. అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. క్యాన్సర్ కణాలను వెతికి పట్టుకుని అక్కడే రేడియేషన్ ఇస్తుంది. స్కాన్‌లో పీఎస్‌ఎంఏ బాగా కనిపించినవారికే ఉపయోగం. ఖర్చు ఎక్కువ, జబ్బును పూర్తిగా నయం చేయదు. అప్పులు చేసే ముందు ఇది తెలుసుకోండి.

మీకు గుంటూరుకు నేరుగా రైలుంది. అక్కడి జీజీహెచ్ నాట్కో క్యాన్సర్ సెంటర్‌లో చూపించి, ఏ మందుకు ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందో కౌంటర్లో అడగండి. కాళ్లు పట్టు తప్పినా, ఉన్నట్టుండి మూత్రం ఆగినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.