సర్వేవాళ్లు మన ఇంటికి రాలేదు, పథకం ఆగుతుందా?

బయ్యారంలో ఏ సర్వే జరిగినా ఈ మాట వినిపిస్తది: "పక్కింటికి వచ్చిన్రు, మాకు రాలే. మా పేరు పోయినట్టేనా?" జవాబు తెలియాలంటే ముందు సర్వేల్లో రెండు రకాలున్నాయని తెలుసుకోండి.

1. ఇంటింటి సర్వే
ఒక్క ఇల్లూ వదలకుండా లెక్కిస్తారు. 2014 ఆగస్టు 19న ఒకే రోజు జరిగిన సమగ్ర కుటుంబ సర్వే, 2024 నవంబరులో మొదలైన కులగణన సర్వే ఇలాంటివే. ఇందులో మీ ఇల్లు తప్పిపోతే తప్పకుండా అడగండి. కులగణనలో మిగిలిపోయిన కుటుంబాలకు 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 వరకు మళ్లీ అవకాశం ఇచ్చారు.

2. నమూనా (శాంపిల్) సర్వే
అన్నం ఉడికిందా అని చూడటానికి కుండంతా పిసకం కదా! అట్లనే కొన్ని ఇళ్లనే అడుగుతారు. ఇందులో మీ ఇంటికి రాకపోతే మీ పథకం ఆగదు.

ఇళ్లను ఎట్ల ఎంచుతారు?
• యాదృచ్ఛిక నమూనా: లాటరీ తీసినట్టు. ఏ ఇంటికైనా సమాన అవకాశం.
• క్రమబద్ధ నమూనా: వరుసలో ప్రతి పదో ఇల్లు.
• స్తరిత నమూనా: ఊరు, తండా, గూడెం వేరు చేసి, ఒక్కోదాంట్లో కొన్ని ఇళ్లు.

రోడ్డు పక్క ఇళ్లనే అడిగి పోతే తండా కష్టం లెక్కకు రాదు. దీన్ని పక్షపాత నమూనా అంటారు.

వరి దిగుబడి అంచనా కూడా నమూనానే. లాటరీలో వచ్చిన పొలంలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు కొలిచి, కోసి, నూర్చి, తూకం వేస్తారు. పంట బాగుందని పక్క పొలానికి మారిస్తే లెక్క తప్పుతది.

వచ్చిన లెక్కను ఎట్ల చదవాలి?
ఉదాహరణకు ఐదు ఇళ్ల భూమి: 1, 1, 2, 3, 13 ఎకరాలు అనుకోండి.
• సగటు: మొత్తం 20ని 5తో భాగిస్తే 4 ఎకరాలు.
• మధ్యగతం: వరుసలో నడిమి సంఖ్య, 2 ఎకరాలు.
• బాహుళకం: ఎక్కువసార్లు వచ్చింది, 1 ఎకరం.
• వ్యాప్తి: 13లోంచి 1 తీసేస్తే 12.

రైతు భరోసా పంటకు ఎకరానికి 6,000 రూపాయల చొప్పున చూస్తే, "సగటున ఇంటికి 24,000" అని కాగితం మీద కనిపిస్తది. నడిమి ఇంటికి అందేది 12,000. ఐదిళ్లలో నాలుగిళ్లకు సగటు కంటే తక్కువే! అందుకే సగటు చెప్పినప్పుడు మధ్యగతం ఎంత అని కూడా అడగండి.

గుర్తుంచుకోండి
✓ రైతు భరోసా సగటును బట్టి రాదు. మీ పట్టాదారు పాసు పుస్తకంలో లేదా అటవీ హక్కుల పట్టాలో ఉన్న, సాగుకు పనికొచ్చే భూమిని బట్టి వస్తది.
✓ నమూనా సర్వేకు మీ ఇల్లు ఎంపికైతే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ ఒక్క జవాబు ఎన్నో ఇళ్ల తరఫున లెక్కకు వస్తది.
✓ ఇంటింటి సర్వేలో పేరు తప్పితే పంచాయతీ కార్యదర్శిని అడగండి. పని కాకపోతే సోమవారం మహబూబాబాద్ కలెక్టరేట్‌లో ప్రజావాణికి దరఖాస్తు రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి.